పది అడుగులు

గురువారం నాలుగింటికి
నా ఫోను నాది కాదు.
ఏటిగట్టు మీద మూడో తాడిచెట్టు దాటాక
రెండు గీతల సిగ్నల్ దొరికే చోట
హాట్‌స్పాట్ పెట్టి నిలబడతాను.
బడిలో ఇచ్చిన ట్యాబు ఒళ్ళో పెట్టుకుని
జోయెల్ కాస్త అవతల కూర్చుంటాడు.

మాటలు ఎవరికీ వినపడకూడదని మేడమ్ గారి షరతు.
దూరం పోకూడదని నా ఫోను షరతు.
రెండిటికీ మధ్య పది అడుగులు.
పదకొండో అడుగేస్తే ఆవిడ బొమ్మ ముక్కలవుతుంది.
తొమ్మిదో అడుగులో వాడి ఊపిరి వినపడుతుంది.
వీపు తిప్పి
అవతలి ఒడ్డున కాయలు దింపేవాళ్ళని చూస్తాను.
చెవులకి వీపు ఉండదు గదా.

వరద తీశాక ఓ రాత్రి
వాళ్ళ పెరడు దభేలుమని గోదాట్లోకి దిగింది.
అప్పట్నించీ వాడికి నిద్ర లేదు.
చీకట్లో లేచి
గుమ్మం నించి ఏటి అంచుదాకా అడుగులు కొలిచి
ఆగినచోట కొబ్బరి ఈనె గుచ్చి వస్తాడు.
మొన్న ముప్పై ఆరు. నిన్న ముప్పై నాలుగు.
పాస్టరు గారు తల మీద చెయ్యి పెట్టారు,
ఎందుకైనా మంచిదని మావయ్య తాయెత్తు కట్టాడు.
నా రిజిస్టర్లో జ్వరానికి గడి ఉంది, విరోచనాలకి ఉంది.
ఈనెలకి లేదు.

అమలాపురంలో మీటింగు అయ్యాక ఓసారి
నాతో చదివిన భానురేఖ ఇంటికెళ్ళాను.
తలుపు తీస్తూనే వేలు పెదాల మీద పెట్టింది.
"పాప సెషన్లో ఉంది."
కుక్కరు దింపేసింది.
టీవీలో మనుషులు మూగగా దెబ్బలాడుకుంటున్నారు.
పనిపిల్ల గిన్నెలు చప్పుడవకుండా
తడిగుడ్డ మీద బోర్లిస్తోంది.
మూసిన తలుపు అవతల
ఆ పిల్ల ఏడుస్తోంది, కావలసినంత సేపు.
ఒక్క పిల్ల మనసు కోసం
ఇల్లంతా నోరు మూసుకోవడం
నేను పుట్టాక చూడలేదు.
ఆ పిల్ల బాధ తక్కువదని అనను.
టీ గొంతు దిగలేదు, అంతే.

మా గట్టు మీద నోరెవరు మూసుకుంటారు?
రొయ్యల మేత ఆటో హారను కొడుతుంది,
"ఎవర్తోరా?" అని సైకిలాపి మరీ అడుగుతారు,
చెరువుల్లో ఏరేటర్లు నీళ్ళని చితక్కొడుతుంటాయి.
పంటు ఒడ్డుకొచ్చిందంటే
వాడు సగం మాట మింగేస్తాడు.
టవరుకని తవ్విన గోతిలో
రెండేళ్ళుగా కప్పలు కాపురముంటున్నాయి.

పోయిన గురువారం
మేడమ్ "చెప్పు నాన్నా" అంటుండగా బొమ్మ ఆగిపోయింది.
నోరు సగం తెరిచి, కళ్ళు సగం మూసి.
నేను ఫోను పైకెత్తాను, తిప్పాను, ఏటివైపు చాపాను.
అప్పుడు మొదలెట్టాడు వాడు,
ఆగిపోయిన ఆ మొహంతో.

"సాయంత్రమే దూడని విప్పి గట్టెక్కించమంది అమ్మ.
నేను గోళీలాడుతున్నాను.
విప్పలేదు.
మట్టి జారేప్పుడు అది అరిచింది.
అందరూ నేల చప్పుడనుకున్నారు.
నేను అనుకోలేదు."

సముద్రం గాలి తిన్నగా నా మీదికే వీస్తోంది.

బొమ్మ కదిలింది.
"సారీ నాన్నా, ఏదో అంటున్నావు?"
"ఏం లేదండి. బాగానే ఉన్నానండి."
ఆవిడ రాసుకుంది.
వాడి తర్వాత ఆవిడకి ఇంకా పదకొండు మంది,
మూడు మండలాల్లో, ఇలాంటి గట్ల మీదే.

ట్యాబు సంచిలో పెడుతూ అడిగాడు:
"గాలి నీ వైపే ఉంది కదా పిన్నీ?"
అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది.
"ఉంది" అన్నాను.
చాలాసేపు నీళ్ళకేసి చూశాడు.
"అయితే దాని పేరూ వినుంటావు."

నేను డాక్టర్ని కాను.
నాకిచ్చింది మూడు రోజుల శిక్షణ,
అదీ చేతులు కడుక్కోవడం మీద.
హాట్‌స్పాట్ కట్టేసి
ఆ పది అడుగులూ నడిచి
పక్కన కూర్చున్నాను.
"పేరు వినలేదురా. చెప్పు."